రెండో కాగితం

గాజు షెడ్డు పక్క క్వార్టరు
ఫిబ్రవరి 3

మరదలికి,

ఆశీస్సులు. నా ఉత్తరం చూసి ఆశ్చర్యపోతావని తెలుసు. మీ అన్నయ్య పోయిన రోజున వచ్చి, గుమ్మంలోనే నిలబడి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయావు. ఆ తర్వాత ఈ ఏడాదిన్నరలో నువ్వూ రాయలేదు, నేనూ రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది కాబట్టి రాస్తున్నాను. ఆ మాట నువ్వు అనకముందే నేనే అనేస్తే ఒక పని అయిపోతుంది.

ఆయన పుట్టించిన బిగోనియా సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. కుండీల్లో పెంచే బిగోనియానీ, రాళ్ళ సందుల్లో మొలిచే అడవి బిగోనియానీ కలిపి చేసిన సంకరం. పువ్వు చూస్తే కళ్ళు తిప్పుకోలేం, గింజ మాత్రం కట్టదు. తల్లి వైపు నుంచి పదకొండు, తండ్రి వైపు నుంచి పదకొండు క్రోమోజోములు వచ్చాయట, ఒకదానికొకటి జతకుదరవట. మందు పెట్టి ఆ ఇరవై రెండుని నలభై నాలుగు చేస్తే ప్రతిదానికీ జత దొరుకుతుంది, గింజ కడుతుంది, అప్పుడది మనం కొమ్మ కత్తిరించి నాటితే బతికే మొక్క కాదు, తనంతట తాను నిలిచే కొత్త జాతి. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఆయన నాకు ఇలాగే చెప్పారు. మందు పెట్టి, పదకొండేళ్ళు దాని మీదే కూర్చున్నారు.

ఇప్పుడు పరిశోధన కేంద్రం వాళ్ళు ఆ మొక్కని ఆయన పేరుతో నమోదు చేస్తామంటున్నారు. చేస్తే గాజు షెడ్డు ఉంటుంది, దాన్ని చూసుకోవడానికి నన్నూ ఈ క్వార్టర్లో ఉండనిస్తారు. లేకపోతే డిసెంబరు ఆఖరికి షెడ్డు పడగొట్టి ఆ స్థలంలో జీపులు నిలుపుకుంటారు, కుండీలన్నీ ఎరువు గుంటలోకి పోతాయి. కమిటీకి కావలసింది ఒక్కటే. వేరు కొనలో క్రోమోజోములు లెక్కపెట్టి, నలభై నాలుగు ఉన్నాయని బయటివాళ్ళెవరైనా సంతకం చేసిన కాగితం. మీ అన్నయ్య ఆకు కొలతలే రాసిపెట్టారు, వేరు లెక్క లేదు. ముప్పై ఏళ్ళుగా కాలేజీలో స్లైడులు చేస్తున్నదానివి, ఈ పనిలో నిన్ను మించినవాళ్ళు లేరని డైరెక్టరే అన్నారు. వేరు కొనలు పంపమంటావా?

వదిన


బోటనీ విభాగం, మూడో అంతస్తు
ఫిబ్రవరి 14

వదినా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ "వేరు లెక్క లేదు" అన్న చోటే ఆగిపోయాను. లేకపోవడమేంటి? మూడేళ్ళ క్రితం అన్నయ్య నాకు సీసాలో వేరు కొనలు పంపించాడు. రెండు వారాలు మైక్రోస్కోపుకి అతుక్కుపోయి లెక్కపెట్టాను. పెద్ద ఉత్తరం రాశాను. రిజిస్టరు చేసి మరీ పంపాను. ఈరోజు వరకూ జవాబు లేదు.

తనకి నచ్చని అంకె రాశానని అలిగాడనుకున్నాను. అన్నయ్య సంగతి నాకు కొత్తా? మొదటి వ్యాసం అచ్చయినప్పుడు, ఆరు నెలలు నేను చేసిన స్లైడులన్నీ వాడుకుని, చివర "సాంకేతిక సహాయం చేసినవారికి కృతజ్ఞతలు" అని ఒక ముక్క పడేశాడు. నా పేరు లేదు. అడిగితే "ఇంట్లోవాళ్ళకి కృతజ్ఞతలేంటే లెక్కలమ్మా" అని నవ్వేశాడు. దానికీ సర్దుకుపోయాను. కానీ ఉన్నదున్నట్టు రాసినందుకు నాతో మాటలే మానేశాడనుకుంటే కడుపు మండిపోయింది. ఆ రోజు గుమ్మం దాటి లోపలికి రానిది అందుకే. అందరూ ఏడుస్తున్నారు, నాకు ఏడుపు కూడా రాలేదు. పోయినవాడి మీద అంత కోపం పెట్టుకుని నిలబడ్డం ఎలా ఉంటుందో నీకు తెలియదు.

మళ్ళీ లెక్కపెట్టమంటున్నావు. ఈసారి ఇంకో అంకె వస్తుందని ఆశా? మనం మొహమాటపెట్టినంత మాత్రాన క్రోమోజోములు పెరగవు వదినా. సరే, పంపు. పొద్దున తొమ్మిదీ పదీ మధ్య కొయ్యి, కణాలు చీలేది ఆ వేళలోనే. మూడు వంతులు ఆల్కహాలు, ఒక వంతు ఎసిటిక్ యాసిడ్, చిన్న సీసాలో. రెండూ అన్నయ్య బీరువాలో ఉంటాయి.

ముందు తన కాగితాల్లో నా ఉత్తరం వెతుకు. చదివి చింపేసే మనిషి కాదు. వాడేసిన బస్సు టికెట్లు కూడా దాచుకునేవాడు.

మరదలు


గాజు షెడ్డు పక్క క్వార్టరు
ఫిబ్రవరి 25

మరదలికి,

నువ్వు చెప్పినట్టే కోసి సీసా పంపుతున్నాను. కేంద్రానికి పెట్టిన దరఖాస్తు నకలు కూడా జతచేశాను, నీ నివేదికలో ఆ నంబరు వెయ్యాలట.

నీ పాత ఉత్తరం కోసం వెతికాను. బీరువా, బల్ల సొరుగులు, పుస్తకాల మధ్య, అన్నీ చూశాను. ఎక్కడా లేదు. పోస్టులో పోయి ఉంటుంది. ఆ రోజుల్లో మా వీధికి పోస్టుమాన్ మారాడు. మావి చాలా ఉత్తరాలు పక్క వీధికి పోయేవి.

మీ అన్నయ్య నీ జవాబు కోసం కళ్ళలో వత్తులు వేసుకుని చూశారు. గేటు చప్పుడైతే చాలు, చేతిలో ఉన్న కుండీ కింద పెట్టేవారు. నాలుగు నెలలు "లెక్కలమ్మ రాసిందా" అని అడిగారు. ఆ తర్వాత "దానికి నా మీద కోపం పోలేదు, వదిలెయ్" అన్నారు. రెండోసారి తనూ రాయలేదు. మీ అన్నాచెల్లెళ్ళది ఒకటే మొండితనం, ఏదైనా ఒకసారే అడుగుతారు. నీ మీద తప్పు వెయ్యడం లేదు, జరిగింది చెప్తున్నాను.

ఆ తర్వాత ఆకులు పట్టుకున్నారు. ఆకు మీది సన్నటి పొర ఒలిచి, అందులో ఉండే రంధ్రాలు కొలవడం. మామూలు మొక్క రంధ్రాలకంటే ఇవి ఒకటిన్నర రెట్లు ఉన్నాయి, ఇంత పెద్దవి నలభై నాలుగు ఉన్న మొక్కకే ఉంటాయి అనేవారు. మూడు వందల ఆకులు కోసి, కొలిచి, చెత్తబుట్టలో పారేశారు. అయినా గింజ కట్టలేదు. ఎండ ఎక్కువైందన్నారు. తేనెటీగలు రావడం లేదన్నారు. నేను పోసే నీళ్ళు మంచివి కావని కూడా అన్నారు. పోయేముందు రోజు కూడా ఎండిపోయిన పువ్వొకటి చిదిమి చూసి, ఏమీ లేదని జేబులో వేసుకున్నారు.

కాస్త జాగ్రత్తగా లెక్కపెట్టు. పాతది ఎలాగూ లేదు, దాని సంగతి మరిచిపో.

వదిన


బోటనీ విభాగం, మూడో అంతస్తు
మార్చి 12

వదినా,

ఇరవై మూడు కణాలు లెక్కపెట్టాను. ప్రతిదాంట్లోనూ ఇరవై రెండు.

జాగ్రత్తగా లెక్కపెట్టమన్నావు కాబట్టి చెప్తున్నాను. బిగోనియా క్రోమోజోములు మిరియాల పొడి చల్లినట్టు చిన్న చుక్కలు. ఎర్ర రంగు పట్టించి, రెండు అద్దాల మధ్య పెట్టి, బొటనవేలితో నొక్కితే గాని విడివడవు. వేలు కాస్త జారిందంటే పక్కపక్క కణాలు రెండు కలిసిపోయి దొంగ నలభై నాలుగు కనపడుతుంది. ఈసారి అలాంటిది ఒకటి వచ్చింది. ఫోటో తీసి పంపితే నీ కమిటీ కళ్ళకద్దుకునేది. నేను ఆ స్లైడు కడిగేశాను.

సరే, ఆ అంకె నాకు పాతదే. అసలు సంగతి వేరే. అన్నయ్య నా ఉత్తరం కోసం ఎదురుచూశాడని నువ్వు రాసినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. స్లైడు పెట్టి, ఏం చూస్తున్నానో మరిచిపోయి కూర్చుంటున్నాను. రిజిస్టరు ఉత్తరం పక్క వీధికి పోదు. అందినట్టు కార్డు నాకు తిరిగొచ్చింది. అప్పట్లో అది చూసి, అందిందిగా, ఇంకేం అని సొరుగులో పడేశాను. సంతకం ఎవరిదో చూడనేలేదు. నిన్న తీసి, నువ్వు పంపిన దరఖాస్తు మీది సంతకం పక్కన పెట్టాను. అక్షరాల కొమ్ములు గుండ్రంగా చుట్టే అలవాటు ఆ ఇంట్లో నీకొక్కదానికే ఉంది.

పోస్టుమాన్‌ని ఎందుకు ఆడిపోసుకుంటావు? నా ఉత్తరం ఏం చేశావో చెప్పు.


గాజు షెడ్డు పక్క క్వార్టరు
మార్చి 20

నీకు,

దాచాను.

ఆయన ఆసుపత్రి నుంచి వచ్చి అప్పటికి మూడు రోజులు. మొదటిసారి గుండెనొప్పి. మనసు కష్టపెట్టే మాట ఏదీ చెవిన పడనివ్వొద్దని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆయన లోపల పడుకుని ఉన్నారు. పోస్టుమాన్ సంతకం అడిగాడు, పెట్టాను. గుమ్మంలోనే విప్పాను. మొదటి కాగితం మూడో వాక్యం, "అన్నయ్యా, ఇరవై రెండే". అంతే, ఆ పైన చదవలేదు. మడిచి కుట్టుమిషను సొరుగులో పెట్టాను. కాస్త కోలుకున్నాక ఇద్దామనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. రెండు వారాలకి లేచి కూర్చుని "చెల్లి రాసిందా" అని అడిగారు. "లేదు" అని నోటికి వచ్చేసింది. ఒకసారి లేదన్నాక మళ్ళీ ఉందని ఎలా అంటాను?

ఎవరడిగినా ఇంతవరకే చెప్తాను. నువ్వు ఎలాగూ నన్ను క్షమించవు కాబట్టి నీకు మిగతాది కూడా చెప్తాను. నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడల్లా భోజనాల బల్ల దగ్గర మీ ఇద్దరూ అంకెలే మాట్లాడుకునేవారు. పద్నాలుగు, ఇరవై ఎనిమిది, నలభై రెండు. మీకు నవ్వులు కూడా వాటి మీదే వచ్చేవి. నేను వడ్డిస్తూ నిలబడేదాన్ని. పదిహేడేళ్ళ కాపురంలో "నీకేమనిపిస్తోంది" అని ఆయన నన్ను అడిగిన పాపాన పోలేదు. నీ ఉత్తరం వస్తే మాత్రం కవరు చిరగకుండా కత్తెరతో కోసి, కుర్చీ లాక్కుని కూర్చుని చదివేవారు. ఆ రోజు మొదటిసారి మీ ఇద్దరి మధ్య మాట నా చేతికి చిక్కింది. భయంతోనే దాచాను. దాచాక సంతోషం కూడా వేసింది. ఆయన "దానికి కోపం పోలేదు" అన్న రోజున ఆ సంతోషం పోయింది గాని, అప్పుడు కూడా నోరు విప్పలేదు.

మళ్ళీ లెక్కపెట్టమని నిన్నెందుకు అడిగానో తెలుసా? నీ లెక్క తప్పని తేలితే, నేను దాచింది ఒక తప్పుడు కాగితమే అవుతుంది కదా. ఆ ఆశ ఒక్కటే పట్టుకుని ఉన్నాను. అదీ అయిపోయింది.

షెడ్డు పడగొట్టుకోమని కమిటీకి రాసేస్తాను. ముందే తెలిసినా ఇరవై రెండు ఇరవై రెండే. ఆ దిగులుతో పోవాల్సిన మనిషి ఆ దిగులు లేకుండా పోయారు. నేను చేసిన మేలు అంతవరకే అనుకుంటాను.


బోటనీ విభాగం, మూడో అంతస్తు
మార్చి 29

వదినా,

కమిటీకి రాయకు.

"ఆ పైన చదవలేదు" అన్నావు. నేను రాసింది రెండు కాగితాలు. సొరుగులోంచి తీసి రెండోది చదువు. నీకు అర్థం కాకపోవచ్చు కాబట్టి ఇక్కడ విడమరిచి చెప్తున్నాను.

అన్నయ్య మందు పెట్టింది మొలక కొన మీద. అది పైపొరకి పట్టింది, లోపలికి దిగలేదు. అందుకని ఆ మొక్కకి తొక్క నలభై నాలుగు, గుజ్జు ఇరవై రెండు. ఒక పండుకి ఇంకో పండు తొక్క తొడిగినట్టన్నమాట. అన్నయ్య కొలిచిన రంధ్రాలు తొక్కలో ఉంటాయి, అవి పెద్దవిగానే ఉంటాయి. వేరు పుట్టేది లోపలి నుంచి. పుప్పొడీ గింజా కూడా లోపలి నుంచే. నా లెక్కా తప్పు కాదు, తన కొలతలూ తప్పు కాదు. కొమ్మ కత్తిరించి నాటితే తొక్కా గుజ్జూ రెండూ కలిసే వస్తాయి, ఎన్నేళ్ళు నాటినా అంతే, గింజ కట్టదు.

కానీ బిగోనియాకి ఇంకో దారి ఉంది. ఆకు కోసి ఇసకలో గుచ్చితే, దాని మీద లేచే పిల్లమొక్క తొక్కలోని ఒకే ఒక్క కణం నుంచి పుడుతుంది. అలా పుట్టిన మొక్క వేరు నుంచి పువ్వు దాకా నిండా నలభై నాలుగు. "అన్నయ్యా, కొమ్మలు మానెయ్, ఆకులు నాటు, ఆరు నెలల్లో వేళ్ళు పంపు, నేను లెక్కపెడతాను" అని రాశాను. చివర్లో "ఈసారైనా నా పేరు వెయ్యి" అని వెక్కిరించాను కూడా. అదీ నువ్వు చదవని రెండో కాగితం.

ఇది తనకి తెలియని విద్య కాదు. తట్టలేదు, అంతే. ఒక్కోసారి పక్కనుండి ఎవరో ఒకరు అనాలి. నేను అన్నాను. నువ్వు మడిచి పెట్టావు. మూడు వందల ఆకులు కోసి, పొర ఒలిచి, చెత్తబుట్టలో పారేశాడని నువ్వే రాశావు. ఆ బుట్టలోంచి ఒక్క ఆకు తీసి గుచ్చినా సరిపోయేది.

షెడ్డులో మొక్కలు ఇంకా ఉన్నాయిగా. ఆకులు నాటు. వేళ్ళు వస్తే పంపు. నీ మీద జాలితో చెప్తున్నానని అనుకోకు.


గాజు షెడ్డు
అక్టోబరు 2

లెక్కలమ్మకి,

ఆయన పిలిచే పేరుతో రాస్తున్నాను, కోప్పడకు.

రెండో కాగితం చదివాను. నువ్వు విడమరచనక్కరలేదు, అందులో బొమ్మ కూడా వేశావు. ఆకు, ఇసక, బాణం గుర్తు. చిన్నపిల్లకి కూడా అర్థమవుతుంది. 

ఏప్రిల్ ఐదున తొమ్మిది ఆకులు నాటాను. ఇసక కడిగి, మరిగే నీళ్ళు పోసి, ఆరబెట్టి వాడాను. నాలుగు కుళ్ళిపోయాయి. ఐదు నిలిచాయి. జూన్‌లో కాడ చివర ఆవగింజంత ముద్ద లేచింది, దాని మీద వెంట్రుకలున్న చిన్న ఆకు. రోజుకి మూడుసార్లు వెళ్ళి చూసేదాన్ని. "ఆ షెడ్డులోనే మంచం వేసుకోండి" అని ఆయన్ని పదకొండేళ్ళు దెప్పాను. ఇప్పుడు నా కుర్చీ అక్కడే ఉంది. కేంద్రం తోటమాలి నన్ను చూసి, అయ్యగారి గాలి సోకిందమ్మా మీకు అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నిన్న పొద్దున తొమ్మిదింబావుకి వేరు కొనలు కోశాను. ఒక్కో మొక్కకి ఒక్కో సీసా. ఏది ఏ మొక్కదో చీటీ అంటించాను.

ఇక ఏదీ దాచే ఓపిక లేదు కాబట్టి ఇదీ చెప్తాను. ఈ ఆరు నెలలూ నేను కోరుకున్నది ఇరవై రెండు. ఆయన పేరు లేకపోయినా సరే, షెడ్డు పోయినా సరే, నన్ను సామాను సర్దుకోమన్నా సరే. ఇరవై రెండు వస్తే నేను దాచిన కాగితంతో ఏమీ ఒరిగేది కాదని తేలుతుంది. నలభై నాలుగు వస్తే, ఆయన కళ్ళముందే వచ్చి ఉండేదని తేలుతుంది. అప్పుడు నేను ఇక్కడ ఎలా ఉంటాను? పొద్దున లేచి ఈ తలుపు ఎలా తీస్తాను? మొక్కకి ఆయన పేరున్న పలక తగిలించి, వచ్చినవాళ్ళకి నేనే చూపించాలి కదా.

తప్పుడు అంకె రాయమని అడగను. అడిగినా నువ్వు రాయవు. ఎంత వస్తే అంత రాయి. తొందరగా రాయి, అది చాలు.

వదిన


బోటనీ విభాగం, మూడో అంతస్తు
అక్టోబరు 17

వదినగారికి,

ఐదు సీసాలూ అందాయి. మొత్తం ముప్పై ఒక్క కణాలు లెక్కపెట్టాను. ఏ కాస్త అనుమానం ఉన్నా వదిలేశాను. ఐదు మొక్కల్లోనూ, ప్రతి కణంలోనూ నలభై నాలుగు. సంతకం చేసిన నివేదిక, ఫోటోలు జతచేశాను. కమిటీకి ఇవ్వండి. మొక్కకి అన్నయ్య పేరే పెట్టించండి. నా పేరు ఎక్కడా వెయ్యనివ్వకండి. పేరు కోసం దెబ్బలాడాల్సిన మనిషి లేడు.

మీకు ఏకవచనంలో రాయబోతే చెయ్యి రావడం లేదు. తిట్టాలని కూడా కూర్చున్నాను. రెండు కాగితాలు తిట్టి చింపేశాను. తిట్టడానికైనా కాస్త దగ్గరితనం ఉండాలి, అది మిగల్లేదు. ఇక మీదట మీరు రాయొద్దు, నేనూ రాయను. మొక్కల గురించి ఏమైనా కావాలంటే డైరెక్టరుగారు రాస్తారు.

తన మీద కోపం పెట్టుకుని చివరిసారి మొహం కూడా సరిగ్గా చూడలేదు నేను. నా మీద కోపం పెట్టుకోకుండా, నాకే కోపమనుకుని పోయాడు తను. దీన్ని ఎవరితో చెప్పుకోను? ఇక్కడ స్లైడులు కడిగే అమ్మాయి, కళ్ళు ఎర్రబడ్డాయేంటని అడిగితే, యాసిడ్ ఆవిరి అన్నాను.

ఎలా ఉంటాను అని అడిగారు. నాకు తెలియదు. నాకు లెక్కపెట్టడమే వచ్చు, అది మాత్రం చెయ్యకుండా ఉండలేకపోయాను. నా ఉత్తరం మీకు అందింది మార్చి పదిన, కార్డు మీద తేదీ ఉంది. ఆ నెలలోనే ఆకులు నాటి ఉంటే సెప్టెంబరుకి వేళ్ళు నా దగ్గరికి వచ్చేవి. మరుసటి ఏప్రిల్‌కి పువ్వు. జూన్‌కి గింజ. అన్నయ్య పోయింది ఆ ఏడాది సెప్టెంబరు ఇరవైన. మూడు నెలలు మిగిలేవి. ఆ గింజలు అరచేతిలో పోసుకుని, గేటు ముందు పోయేవాళ్ళందరినీ ఆపి చూపించేవాడు. ముందు మీకే చూపించేవాడు.